సూదిమొనంత సందు

మట్టెవాడల ఆ రేకుల షెడ్డుకు బోర్డు లేదు.
థిన్నర్ వాసన పట్టుకొని పోతే దొరుకుతది.
నయీముద్దీన్ చిచ్చా మొదట నా చేతులు చూసిండు.
"మగ్గం చేతులా?"
"మగ్గం బాపుది. నేను కండెలే చుట్టిన."
"దారం తెలుసు, చాలు" అని
ఒక చెక్క ఫ్రేమూ, మడత విప్పని మెష్షూ
నా ముందర పెట్టిండు.

గుంజి కట్టాలె, నాలుగు దిక్కులా ఒక్కతీరు.
వేలితో మీటితే
మంట కాడ కాగిన డప్పు లెక్క పలకాలె.
మొదటి వారమంతా
నాది వానకు తడిసిన డప్పు.

రెండో వారం చీకటి.
కిటికీకి నల్ల దుప్పటి, మూలకు ఎర్ర బల్బు,
మెష్షు మీద పల్చగ పూసిన పచ్చ మందు.
"వెలుగు తాకిన కాడ గట్టిపడ్తది,
తాకని కాడ నీళ్లకు కరుగుతది,
కరిగిన కాడికెల్లే రంగు దిగుతది."
ఇంత చెప్పి బీడీ తీసి, థిన్నర్ డబ్బా చూసి,
మళ్ల జేబుల పెట్టుకున్నడు.

పెద్ద లైటు వేసినంక గడియారం చూడం.
చిచ్చా ఉర్దూల లెక్కపెడ్తడు, నేను తెలుగుల.
నూటెనభై కాడ
ఇద్దరం ఒక్కసారే ఆగుతం.

నా మొదటి అచ్చు ఉల్టా పడ్డది.
ఫిల్ము బోర్లేసిన.
కొత్తవాడ అన్న నాలుగక్షరాలు
నాకు వీపు చూపిచ్చి కూసున్నయి.
తిడ్తడనుకున్న.
పక్క దుకాణం దర్జీ అద్దం అడుక్కొచ్చి ఎదురుంగ పట్టి
"ఇగ చదువు" అన్నడు.

గోడకు ముప్పై పాత ఫ్రేములున్నయి,
ఫ్లెక్సీలు రాకముందటివి.
ఎంత కడిగినా మెష్షుల నీడ పోదు.
ఒకదాన్ని ఎండకు పట్టి చూస్తే
అడుగున ఒక పెండ్లి పత్రిక,
దాని మీదనే ఎవరిదో దశదిన కర్మ,
ఆ రెండిటి నడుమ
మిర్చి బస్తా మీది ఏనుగు.
"పడేద్దామా చిచ్చా?"
"ఏనుగు మంచిగున్నది కదా."

స్క్వీజీ గుంజుడు రానీకి నెల పట్టింది.
నెట్టుడు కాదు, గోకుడు కాదు.
అలుకు పూసేటప్పుడు అమ్మ అరచెయ్యి
బరువు మారకుండ వెనక్కి జరిగేది,
అదీ.
అమ్మను అడిగితే "అదేం పనే, అదొక పనా" అన్నది.

బాపు జంపఖానా అంచుకు మెట్లు మెట్లు నేసేటోడు.
మగ్గం అమ్మినంక ఆ లెక్క ఏ కాయితం మీదా లేదు,
నా వేళ్ల మీదుండె:
మూడు ఎరుపు, ఒకటి నలుపు, మళ్ల మూడు.
గీసి చూపిస్తే
కండ్లద్దాలు తుడుచుకొని చూసి
"నాలుగో మెట్టు తప్పింది" అన్నడు.
రెండు దినాలు మాట్లాడలె నేను.
మూడోనాడు కొత్త ఫిల్ము గీసిన.

రెండొందల గుడ్డసంచుల ఆర్డరు.
ఎరుపు ఆరినంక నలుపు,
ఇంటి నిండ తీగల మీద సంచులు,
వాటి కింద వంగి వంగి చాయ్ తాగుడు.
నలుపు వేసే ఫ్రేముల
సూదిమొనంత సందు మూసుడు మరిచిన.
ప్రతి సంచి మీద
రెండో మెట్టు పక్కన ఒక నల్ల చుక్క.
నూటయాభై అయినంక చిచ్చా కంట్ల పడ్డది.
చాలసేపు చూసి
"ఇప్పుడు మూస్తే ఆ యాభై పరాయివైతయి" అని
స్క్వీజీ మళ్ల నా చేతికే ఇచ్చిండు.

మొన్న కాజీపేటల ప్యాసింజర్ ఎక్కితే
ఎదురు సీటామె కాళ్ల నడుమ ఒక సంచి.
సొరకాయ బరువుకు మెట్లు సాగినయి.
రెండో మెట్టు పక్కన, ఉన్నది.
"సంచి మంచిగున్నదక్కా, ఏడ కొన్నవు?"
"కొనలేదమ్మా, పెండ్లిల పెట్టిండ్రు.
గీడ ఏందో మరక పడ్డది సూడు,
ఎంత ఉతికినా పోతలేదు."

"పోదక్కా" అన్న.
జమ్మికుంట దాక ఇంకేం మాట్లాడలె.